వేళ రాయని కొలత

ముప్పై నాలుగేళ్లు నేను భూమి కొలిచాను. చేవెళ్ల, మొయినాబాద్, షాబాద్ మండలాల్లో నా సంతకం ఉన్న టిప్పన్లు, అంటే పొలం హద్దుల కొలతలు గీసిన కాగితాలు, ఇప్పటికీ ఆఫీసు బీరువాల్లో ఉన్నాయి. తేదీ లేని కాగితం మీద నేను ఒక్కసారి కూడా సంతకం చేయలేదు. మనిషి చెప్పేది పూటకొక తీరుగా ఉంటుంది, కొలత గొలుసు చెప్పేది ఎప్పుడూ ఒక్కటే అన్నది ఉద్యోగంలో నేను మొదట నేర్చుకున్న సంగతి. పదవీ విరమణ తరువాత, అరవై మూడో ఏట, మోటారు సైకిల్ పందేల ఫోటోలు తీయడం మొదలుపెట్టినప్పుడు కూడా నా పెట్టుబడి ఆ నమ్మకమే.

కెమెరా నా దగ్గరికి అనుకోకుండా వచ్చింది. చేవెళ్లలో మా ఎదురింటాయన గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కంప్యూటర్ ఉద్యోగి. కొత్త కెమెరా కొనుక్కుని పాతది, పొడవాటి లెన్సుతో సహా, నాకు అప్పగించారు. "పిట్టల్ని తీసుకోండి మాస్టారూ, కాలక్షేపంగా ఉంటుంది" అన్నారు. నేను ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు కాని, ఆయన పిలుపులో గౌరవం ఉంది కనుక సరిదిద్దలేదు. పిట్టల మీద తొమ్మిది రోజులు ప్రయత్నించాను. పిట్ట ఏ కొమ్మ మీది నుంచి ఏ క్షణాన లేస్తుందో లెక్కకు అందదు. పదో రోజు మానేశాను.

పందెం బండి అలా కాదు. అదే దారిలో, దాదాపు అదే వ్యవధిలో, మళ్లీ మళ్లీ వస్తుంది. ఈ సంగతి నాకు తెలిసింది మొయినాబాద్‌లో నా స్కూటర్ బాగుచేసే మెకానిక్ వల్ల. పందొమ్మిదేళ్లుగా నా బండి అతని చేతిలోనే ఉన్నది. అతని వయసు ముప్పై ఎనిమిది. పదకొండేళ్లుగా మట్టి పందేల్లో బండి నడుపుతున్నాడు. స్టేడియంలో టిప్పర్లతో మట్టి పోసి, గుట్టలూ మలుపులూ కట్టి, వాటి మీద జరిపే పందేలు అవి. గుట్ట అంచు దగ్గర బండి గాలిలోకి లేచి అవతల దిగుతుంది. మనవాడు ఎప్పుడూ ఆరో స్థానంలోనో ఏడో స్థానంలోనో వచ్చేవాడు. మూడేళ్ల కిందట పడినప్పుడు కుడి మణికట్టులో ఇనుప పలక వేశారు.

ఒకరోజు నా మెడలో కెమెరా చూసి, చేతిలోని స్పానర్ పక్కన పెట్టి, అతను చెప్పిన మాట నా నోటుపుస్తకంలో రాసి ఉంది.

"ఫోటోలు తీసేటోళ్లు ముందుగాల వచ్చే ముగ్గుర్నే తీస్తరు సార్. ఏడోవాడు వచ్చేసరికి కెమెరా దించి చాయ్ తాగుతుంటరు. పదకొండేండ్లు గాలిల ఎగిరిన. ఎగిరిన అని చెప్పనీకి ఒక్క కాయితం లేదు నా దగ్గర."

కాగితం లేదన్న మాట విని ఊరుకోవడం నాకు చేతకాదు. తాతల నాటి నుంచి దున్నుతున్న భూమికి కాగితం లేక నా ముందు నిలబడ్డ రైతులను ఎందరినో చూశాను. ఎట్లాంటి ఫోటో కావాలో చెప్పమన్నాను. రెండు చక్రాలూ గాలిలో ఉండాలన్నాడు, ముందు పలక మీద ఇరవై ఏడు అన్న అతని నంబరు చదవడానికి రావాలన్నాడు. నంబరు లేకపోతే హెల్మెట్ పెట్టుకున్న ప్రతివాడూ అది నేనేనంటాడని కారణం కూడా చెప్పాడు. ఈ రెండు షరతులూ కొలిచి చూడదగినవే కనుక ఒప్పుకున్నాను.

దుకాణానికి ఆనుకుని అతని భార్య బ్లౌజులు కుట్టే కొట్టు ఉన్నది. మా మాటలు విన్నదేమో, నేను స్కూటర్ ఎక్కేటప్పుడు కత్తెర చేతిలో పట్టుకునే బయటికి వచ్చింది.

"సారూ, ఒక్క మంచి ఫోటో వస్తే బండి దిగుత అని పోయినేడు గూడ అన్నడు. ఫోటో రాలే, మల్ల ఎక్కిండు. ఆ చేతిల ఇనుము ఇంకోసారి వంగితే స్పానర్ గూడ పట్టరాదని దవాఖానల చెప్పిన్రు. ఈయన నా మాట ఇనడు, డాక్టర్ మాట ఇనడు. ఇగ మీ ఫోటో మాటనన్న ఇంటడేమో చూడాలె."

లోపలి నుంచి అతను, పందెంలో పడ్డది ఒక్కసారే, నీ కొట్టు మెట్ల మీద జారింది రెండుసార్లని లెక్క చెప్పాడు. ఆమె కత్తెర మూసి లోపలికి వెళ్లింది. ఫిబ్రవరిలో నగరంలోని స్టేడియంలో జరిగే పందెం అతనికి ఆఖరిదో కాదో నా మీద ఆధారపడి ఉందని ఆ పూట నాకు తెలిసింది. నాకు అప్పటికి కెమెరాలో సగం మీటలు ఎందుకున్నాయో తెలియదు.

చేవెళ్ల దాటాక ఒక బీడు భూమిలో వాళ్లు ఆదివారాలు సాధన చేస్తారు. ఆరు ఆదివారాలు వెళ్లాను. మొత్తం వెయ్యిన్నీ నూట నలభై ఫోటోలు తీశాను. వాటిలో బండి మొత్తం, స్పష్టంగా వచ్చినవి ముప్పై ఒకటి. మిగిలిన వాటిలో సగానికి సగం ఖాళీ ఆకాశం, కొన్ని ఒట్టి వెనుక చక్రాలు, పదకొండు నా సొంత బూట్లు. ఎదురింటాయన వాటిని చూసి నెమ్మదిగా రెండు సంగతులు నేర్పారు. సెకనులో వెయ్యో వంతు కాలమే కెమెరా కన్ను తెరవాలి, అప్పుడే పరుగెత్తే బండి నిలిచినట్టు వస్తుంది. కెమెరా తనంతట తాను బండిని వెతుక్కునేలోగా బండి వెళ్లిపోతుంది కనుక, బండి రాబోయే చోటును ముందే గుర్తించి, లెన్సును ఆ దూరానికి బిగించి ఉంచాలి.

రెండో సంగతి వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. అది నా విద్యే. గుట్ట అంచు ఎక్కడో, బండి అన్నిటికంటే ఎత్తుకు లేచే చోటు ఎక్కడో, నేను నిలబడే చోటు ఎక్కడో కొలిస్తే చాలు. నా అడుగు డెబ్భై నాలుగు సెంటీమీటర్లు. ఉద్యోగంలో చేరినప్పుడు డెబ్భై ఎనిమిది ఉండేది. వయసు నాలుగు తీసుకున్నది. ఆరో ఆదివారం నాటికి పది ప్రయత్నాలకు మూడు సరిగ్గా వచ్చే స్థితికి చేరాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు కాని, ఆ రాత్రి పప్పులో ఉప్పు తక్కువైనా నాకు తెలియలేదు.

పందెం నాడు తెల్లవారగానే చేవెళ్లలో మెహదీపట్నం బస్సెక్కి మొయినాబాద్‌లో దిగాను. అక్కడి నుంచి ట్రాలీ ఆటోలో బండి, బండి పక్కన మెకానిక్, ముందు సీటులో డ్రైవర్ పక్కన మెకానిక్ భార్య, నేను. ఆమె ఒడిలో చపాతీల డబ్బా, భర్త పందెం చొక్కా ఉన్నాయి. చొక్కా వీపు మీద ఇరవై ఏడు అంకెను ఆమే కుట్టింది. దారిలో ఆ అంకెల మీద వేలు పెట్టి కుట్టు సరి చూసుకుంటూనే ఉంది. ఇంత బాగా కుట్టి ఇది విప్పించాలని చూస్తున్నావేమమ్మా అని అడిగితే, కుట్టడం నా పని, విప్పించడం గూడ నా పనే అన్నది.

స్టేడియంలో నాకు నారింజ రంగు జాకెట్ తొడిగి, కడ్డీలు దాటవద్దని, ఫ్లాష్ వాడవద్దని, పందెం జరిగేటప్పుడు చోటు మారవద్దని మూడు నియమాలు చెప్పారు. మిగతా ఫోటోగ్రాఫర్లు నలుగురు. అందరూ గెలుపు గీత దగ్గర చేరారు. నేను మూడో గుట్ట ఎంచుకున్నాను. ముందు పలక మీది నంబరు కనిపించాలంటే బండికి ఎదురుగా, కొంచెం ఏటవాలుగా నిలబడాలి. ఇంకా బండ్లు దిగకముందే అనుమతి తీసుకుని అడుగులతో కొలిచాను. గుట్ట అంచు, ఎత్తైన చోటు, నా చోటు. నా చోటు నుంచి బండి లేచే చోటుకు ఇరవై నాలుగు అడుగులు, అంటే పదిహేడు మీటర్ల డెబ్భై ఆరు సెంటీమీటర్లు. నోటుపుస్తకంలో రాసి, అలవాటు ప్రకారం కింద తేదీ వేశాను. లెన్సు బిగించి, అది కదలకుండా దాని మీద నల్ల టేపు అంటించాను. ఆ దూరంలో ముందుకో వెనక్కో అర మీటరు తేడా వచ్చినా ఫోటో మసకబారుతుంది. కాని నాకు ఫికర్ లేదు. కొలిచింది నేను.

ఆ రోజు మూడు పరుగులు. ఉదయం రెండు అర్హత పరుగులు, మధ్యాహ్నం చివరి పందెం. మొదటి పరుగు ఎనిమిది చుట్లు. మనవాడు ఎనిమిదిసార్లూ నా ముందు నుంచే ఎగిరాడు, ఎనిమిదిసార్లూ నేను ఆలస్యంగా నొక్కాను. బండి కనిపించాక నొక్కితే అప్పటికి వెనుక చక్రం నేలను తాకుతున్నది. తప్పు తెలిసింది కనుక దిద్దుకున్నాను. బండి గుట్ట అంచు మీద ఉండగానే నొక్కాలి. రెండో పరుగులో అలాగే నొక్కాను. వేళ తప్పలేదు. రెండు చక్రాలూ గాలిలో ఉన్నాయి, ఎనిమిదింటిలో అయిదుసార్లు. కాని కెమెరా వెనుక తెర మీద పెద్దవి చేసి చూస్తే, అయిదింటిలోనూ నంబరు పాలల్లో తడిసిన కాగితంలా ఉంది. ఇరవై ఏడో, ఇరవై ఒకటో, డెబ్భై ఏడో ఎవరూ చెప్పలేరు.

కెమెరా చెడిపోయిందనుకున్నాను. టేపు చూశాను, కదలలేదు. అద్దం తుడిచాను. మూడో ఫోటోను ఇంకా పెద్దది చేసి, అసలు ఇందులో స్పష్టంగా ఉన్నది ఏదైనా ఉన్నదా అని మూల మూలా వెతికాను. ఉన్నది. బండి వెనుక, దారి పక్కన పాతిన కర్రకు కట్టిన ఎర్ర గుడ్డ. దాని నేత పోగులు కూడా లెక్కపెట్టవచ్చు. ఆ కర్ర నేను కొలిచిన దూరంలోనే ఉన్నది. ఉదయం దానినే గురుతుగా పెట్టుకున్నాను. అంటే నా కొలత సరైనది. బండి ఆ కొలతలో లేదు.

అప్పుడు మూడో గుట్ట మీద ట్రాక్టర్ ఒకటి ముందుకూ వెనక్కూ తిరుగుతున్నది. ముందున్న బ్లేడుతో, చక్రాలు తవ్విన మట్టిని తిరిగి గుట్ట మీదికి తోస్తున్నది. ఉదయం నుంచి ఆ చప్పుడు వింటున్నాను కాని, తల తిప్పి చూడలేదు. డ్రైవర్ సీటులో ఉన్నది చేవెళ్ల పక్క ఊరి రైతు, మాజీ సర్పంచ్ కూడా, అందరూ పటేల్ అంటారు. స్టేడియానికి మట్టి ఇచ్చింది ఆయనే, తన మట్టిని ఇంకొకడి ట్రాక్టర్ తాకడం ఇష్టం లేక తానే వచ్చాడట. నన్ను చూసి ట్రాక్టర్ ఆపాడు.

"ఏం సారూ, ఈడ గూడ భూమి కొలుస్తున్నవా? ఇది పట్టా భూమి గాదు, రేపటికి మల్ల నా టిప్పర్లకే ఎక్కుతది."

గుట్ట అంచును ఏమైనా చేశావా పటేలా అని అడిగాను.

"చేసిన. పొద్దుగాల బండ్లు అవతల గట్టిగ పడుతున్నయంటే, అంచు తగ్గించి జర ముందుకు గుంజిన. నీ దిక్కు మూడడుగులు అచ్చింది. యాదికున్నదా, పోయిన సర్వేల నా హద్దురాయిని మూడడుగులు లోపలికి జరిపిచ్చినవ్. ఇయ్యాల నేను నీకు జరిపిన. చెల్లుకు చెల్లు."

ఆయన హద్దురాయి జరిగింది రెండు అడుగుల తొమ్మిది అంగుళాలేనని చెప్పాను. ఆయన ట్రాక్టర్ మీద చేయి చరిచి నవ్వాడు.

నేను మాత్రం నోటుపుస్తకం తెరిచి నిలబడ్డాను. ముప్పై నాలుగేళ్లలో తేదీ మరిచిపోలేదు. కాని వేళ ఎన్నడూ రాయలేదు. అవసరం రాలేదు. పొలం కొలతకు తేదీ చాలు. పొద్దున కొలిచినా సాయంత్రం కొలిచినా పొలం అక్కడే ఉంటుంది. ఈ భూమి గంటకొకసారి మారుతుంది, అది నా కళ్ల ముందే మారింది. ఉదయం ఏడు గంటల నలభై నిమిషాల కొలతతో పదకొండు గంటల ఫోటో తీశాను. రైతులను, మీ తాత చూపిన హద్దు ఆ నాటిది, ఇప్పటిది చూపండి అని ఎన్నిసార్లు గద్దించానో. ఆ మాట ఆ పూట నాకే వర్తించింది.

మెకానిక్ భార్య చపాతీ చుట్టి నా చేతికిచ్చింది. నా ముఖం చూసి కడ్డీకి ఆనుకుని కూర్చుంది. అతను హెల్మెట్ పక్కన పెట్టి, కుడి మణికట్టు మీద నీళ్లు పోసుకుంటూ, ఫోటో రాకపోతే ఏమాయె సార్, వచ్చే ఏడు ఉన్నది కదా అన్నాడు. ఆమె డబ్బా మూత గట్టిగా బిగించింది. ఆ చప్పుడు నాకు సరిపోయింది. సగం చపాతీ పక్కన పెట్టి పటేల్ దగ్గరికి వెళ్లాను. పందెం మొదలయ్యే ముందు ఆఖరిసారి మట్టి తోశాక నాకు రెండు నిమిషాలు కావాలి, ఆ తరువాత మళ్లీ మట్టి ముట్టవద్దు అన్నాను. తీసుకో సారూ, గీ కొలత మీద మాత్రం అప్పీలుకు పోను అన్నాడు.

నాలుగు గంటలకు మూడు నిమిషాలు తక్కువగా ఉండగా కొలిచాను. మధ్యాహ్నం తోసిన మట్టితో అంచు ఇంకా ముందుకు వచ్చింది, నా అడుగులతో ఇరవై ఒకటి. పదిహేను మీటర్ల యాభై నాలుగు. టేపు పీకి లెన్సు తిప్పి మళ్లీ టేపు వేశాను. నోటుపుస్తకంలో పాత కొలతను కొట్టివేయకుండా, దాని కింద కొత్తది, దాని పక్కన వేళ రాశాను. నా జీవితంలో వేళ వేసిన మొదటి కొలత అదే.

చివరి పందెం పన్నెండు చుట్లు. చుట్టుకు దాదాపు నలభై సెకన్లు. మొదటి అయిదు చుట్లలో మనవాడు ఏడో స్థానంలో ఉన్నాడు. ప్రతిసారీ ఎనిమిదోవాడు అతనికి అడ్డంగా ఎగురుతున్నాడు, నా ఫోటోలో ఒకరి చక్రం మరొకరి తల మీద పడుతున్నది. ఆరో చుట్టులో నలభై సెకన్లు గడిచాయి, అతను రాలేదు. యాభై రెండు. స్టేడియం మెట్ల మీద కూర్చున్న అతని భార్య లేచి నిలబడింది. నియమం ప్రకారం నేను చోటు కదలరాదు, కదల్లేదు. చూపు మాత్రం ఆమె మీదే ఉంది. అవతలి మలుపు నాకు కనిపించదు, ఆమెకు కనిపిస్తుంది. అరవై ఒకటో సెకనున ఆమె కూర్చుంది. మలుపులో బండి జారి పక్కకు ఒరిగిందట, ఎడమ వైపుకు, చేయి తగలకుండా. లేపుకుని వచ్చాడు.

ఇప్పుడతను అందరికంటే వెనుక, పదకొండో స్థానంలో ఉన్నాడు. దగ్గరలో ముందు ఎవరూ లేరు, వెనుక ఎవరూ లేరు. గెలుపు గీత దగ్గరి నలుగురూ ముందున్న ముగ్గురి మీదే ఉన్నారు. మూడో గుట్ట, ఆ పైన ఖాళీ గాలి, మేమిద్దరమే. తొమ్మిదో చుట్టులో అతని ముందు చక్రం గుట్ట అంచు ఎక్కగానే నొక్కాను. చూసుకోలేదు, మిగిలిన మూడు చుట్లు కూడా తీశాను. పందెం ముగిసి, ఇంజన్ల చప్పుడు తగ్గాక, తెర మీద పెద్దది చేసి చూశాను. రెండు చక్రాలు. కింద మట్టి మీద బండి నీడ, దానికీ బండికీ మధ్య వెలుతురు. ఇరవై ఏడు. పలకకు అంటిన మట్టి బెడ్డల్ని కూడా లెక్కపెట్టాను, పద్నాలుగు.

పదకొండు రోజుల తరువాత దానిని పెద్దగా అచ్చు వేయించి మొయినాబాద్ తీసుకువెళ్లాను. అతను చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. భార్య కుట్టు మిషన్ దగ్గరి నుంచి లేచి వచ్చి అతని భుజం మీదుగా చూస్తున్నది. అప్పుడతను అన్న మొదటి మాట నేను అనుకున్నది కాదు.

"ఎడమ మోచెయ్యి కిందికి దిగింది సార్. గిట్ల దిగితే బండి వంకర పడుతది. పదకొండేండ్లు నాకు తెల్వనే లేదు. దీన్ని సక్కగ చేసుకుంటే..."

ఆమె అతని చేతిలోంచి ఫోటో తీసుకున్నది. "దీన్ని చూసి నేర్చుకోనీకి గాదు తీసింది. గోడకు కొట్టనీకి తీసిన్రు. మోచెయ్యి గోడ మీద ఎట్లున్నా ఏం గాదు." తరువాత నా వైపు తిరిగి, "సారూ, కింద 'ఆఖరి రేసు' అని రాయుండ్రి. మీరు రాస్తే ఈయన కాదనడు" అన్నది.

అతను కిందికి చూస్తున్నాడు. రాయవద్దని అనలేదు, రాయమనీ అనలేదు. నేను కలం తీసి, ఫోటో కింది తెల్లని అంచు మీద తేదీ, వేళ, చుట్టు సంఖ్య, అతని స్థానం పదకొండు, అన్నీ రాశాను. అక్కడ ఆపాను. ఆఖరిది అన్నది ఇవాళ కొలవగలిగే సంగతి కాదని, మళ్లీ ఫిబ్రవరి వచ్చి, పందెం జరిగి, అందులో నువ్వు లేవని తేలిన నాడు వచ్చి రాస్తానని చెప్పాను. ఆమెకు నచ్చలేదు. అయినా, ఆ మాటకు కింద సగం వేలెడు జాగా వదిలిపెట్టారా మరి అని అడిగింది. వదిలిపెట్టానని చూపించాను.

ఆ ఏడాది స్కూటర్ పని పడ్డ ప్రతిసారీ గోడ మీది ఆ ఫోటో వైపు చూసేవాణ్ణి. పందెం బండి దసరాకు ముందే దుకాణం నుంచి వెళ్లిపోయింది. ఇప్పుడు సాధన చేసేవాళ్లకు అతను ఇంజన్లు విప్పి బిగిస్తున్నాడు, మోచేతులు దిగుతున్నాయని కేకలు వేస్తున్నాడు. ఈ ఫిబ్రవరి పందేనికి ఇద్దరం కలిసే వెళ్లాం, అతను కూడా నారింజ జాకెట్ తొడుక్కుని నా పక్కనే నిలబడ్డాడు. పటేల్ ట్రాక్టర్ గుట్ట దిగిన ప్రతిసారీ అతను గుట్ట అంచు దగ్గర నిలబడి చేయెత్తేవాడు, నేను అడుగులు వేసి కొలిచి, వేళతో సహా రాసుకునేవాణ్ణి. ఆ రోజు కొలతలు ఏడు. ఏడోవాడి ఫోటో కూడా తీశాను.

మరునాడు ఉదయం మొయినాబాద్ వెళ్లాను. ఆమె స్టూలు తెచ్చి గోడ కింద వేసింది. నేను ఎక్కి, ముందటి సంవత్సరం వాడిన కలంతోనే, వదిలిపెట్టిన జాగాలో ఆ రెండు మాటలు రాశాను. కింద ఆ నాటి తేదీ వేసి, గడియారం చూసి, పది గంటల పది నిమిషాలని వేళ కూడా వేశాను.